కరుణమ్మ తీసిన రాగం

చిమ్కోడ్
12 మార్చి 1973

చెల్లె హేబ్సిబాకు,

అన్న అహరోను దీవెనలు. నేను, మీ వదిన కరుణమ్మ, నీ మేనకోడలు లీయా ముగ్గురం ప్రాణాలతో ఉన్నాం. క్షేమం అని రాయడానికి చెయ్యి రాక ఇలా రాస్తున్నాను.

నువ్వు రాయచూరు ఆసుపత్రిలో నర్సు పనికి వెళ్లేనాటికి మన బావిలో ఇంకా నీళ్లుండేవి. ఇప్పుడు అడుగున ఎర్రరాయి కనబడుతోంది. ఎడ్లను చింతకిలో మీ వదిన పుట్టింటికి తోలి వచ్చాను, అక్కడ కాస్త గడ్డి ఉందంటే. సర్కారు వాళ్లు బీదర్ తోవలో కరువు పని పెట్టారు. మీ వదిన అక్కడ కంకర కొడుతోంది. నన్ను చెరువు పూడిక తీసే జట్టులో వేశారు. బడికి మాస్టరు రావడం మానేశాడు కాబట్టి లీయా కూడా తల్లి వెంట పోతుంది. చిన్న రాళ్లు ఏరి కుప్ప పోస్తుంది. మీ వదిన అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఏదైనా మందు ఉంటే పంపు.

నిన్న ఆదివారం చర్చిలో నేను హార్మోనియం పెట్టె వాయించి కీర్తన ఎత్తుతుంటే నీ మేనకోడలు మధ్యలో నవ్వింది. ఎందుకే అంటే, జయానందం మామ కళ్లు మూసుకుని పాడుతూ ఒక కన్నుతో అందరినీ లెక్కపెడతాడట. సంఘపెద్ద ఆయన, చూశాడు. ఆరాధన అయ్యాక నాకు గట్టిగా చెప్పాడు. "బిడ్డను భయంల పెట్టు అహరోనూ" అన్నాడు. నేను సరే మామా అన్నాను. తోవలో ఇద్దరం నవ్వుకున్నాం.

ఈస్టరుకు వస్తావా? ఇంకొక సంగతి రాయమని లీయా పక్కన కూచుని మోచేతితో పొడుస్తోంది. జ్వరం కొలిచే గాజు పుల్ల విరిగిపోయింది ఏదైనా ఉంటే తెమ్మంటోంది. అందులో వెండి పారుతుందని నువ్వే చెప్పావట.

మీ అన్న
అహరోను

రాయచూరు
20 మార్చి 1973

ప్రియమైన అన్నకు,

హేబ్సిబా వందనాలు. ఉత్తరం చదువుకుని నేను కూడా నవ్వాను. ఇక్కడ నవ్వి చాలా రోజులైంది.

వదినకు మందు ఈ పొట్లంలో పెట్టాను. చేతులు కడుక్కుని పడుకునే ముందు రాసుకోవాలి. గాజు పుల్ల సంగతి లీయాకు చెప్పు: విరిగినది ఇవ్వను, అందులో పారేది విషం. మంచిదే ఒకటి కొని తెస్తాను, దాని జ్వరం అదే చూసుకోవచ్చు.

అన్నా, ఒక మాట జాగ్రత్తగా విను. ఇక్కడ గత్తర, అదే కలరా, మొదలైంది. కరువు పనుల నుంచి బండ్ల మీద తెస్తున్నారు. అక్కడ గుంటల్లో నీళ్లు ఎవరూ తాగకూడదు. ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు పట్టుకుపొమ్మని వదినకు చెప్పు. లీయాను అసలు పనికి తీసుకుపోకపోతే ఇంకా మంచిది. నేను భయపెట్టడానికి రాయడం లేదు. రోజూ చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఈస్టరుకు సెలవు అడిగాను. ఇస్తారనే అనుకుంటున్నాను.

ప్రేమతో
నీ చెల్లె

చిమ్కోడ్
8 ఏప్రిల్ 1973

చెల్లె హేబ్సిబా,

బీదర్ పోస్టాఫీసు నుంచి తార్ కొట్టించాను. అందిందో లేదో తెలియదు. లీయా పోయింది.

గురువారం పనికాడ వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. కబురందితే చెరువు మీది నుంచి పరుగెత్తి వచ్చాను. అప్పటికే బిడ్డ కళ్లు లోపలికి పోయాయి. పక్కింటి భీమవ్వ తన బండి కట్టించింది. బీదర్ దవాఖానకు బయలుదేరాం. కోట బురుజులు కనబడుతుండగా లీయా, "నాయినా, పొద్దు గూకిందా?" అని అడిగింది. ఎండ ఇంకా బండి మీదే ఉంది. గూకింది బిడ్డా అన్నాను. మీ వదిన ఒళ్లోనే పోయింది. బండిని తిప్పుకుని వచ్చాం.

శుక్రవారం సమాధి చేశాం. ఆడవాళ్లు రాగాలు తీసి ఏడ్వబోతే జయానందం మామ ఆపాడు. "మనం ఆశ లేనోళ్లమా, రాగాలు తీసి ఏడ్వనీకి?" అన్నాడు. నా వైపు చూశాడు. ఈ ఊళ్లో ఎవరు పోయినా, మళ్లీ కలుస్తామనే నిరీక్షణ కీర్తన ఎత్తేది నేనే కదా. ఎత్తాను. చివరి చరణం దాకా పాడాను. గొంతు ఎక్కడా తప్పలేదు. అందరూ నా నిబ్బరాన్ని మెచ్చుకున్నారు.

ఇంతకంటే రాయలేను.

అహరోను

రాయచూరు
14 ఏప్రిల్ 1973

అన్నా,

తార్ నాకు పోయిన శనివారం అందింది. అప్పటికి మీరు బిడ్డను మట్టికి ఇచ్చేశారు. అయినా వస్తానని మేట్రన్ దగ్గరకు పోయాను. వార్డులో మంచానికి ఇద్దరు పడుకున్నారు, కిందా పడుకున్నారు. "నువ్వు పోతే వీళ్లలో ఎవరిని చంపమంటావు?" అంది. తిరిగి వచ్చి సెలైన్ సీసాలు మార్చాను. ఆ పూట నేను ముట్టుకున్న ప్రతి పిల్ల చేయీ లీయా చేయిలాగే ఉంది.

దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు అనుకోవాలి. మన బిడ్డ ఇప్పుడు ఆకలి, దాహం లేని చోట ఉంది. నువ్వు ఆ కీర్తన పాడగలిగినందుకు దేవునికి వందనాలు. వదినకు ధైర్యం చెప్పు. దుఃఖాన్ని లోపల పెట్టుకోవద్దని, వాక్యం చదువుకోమని చెప్పు.

అన్నా, నాకు కొన్ని సంగతులు తెలియాలి. పనికి ఇంటి నుంచి నీళ్లు తీసుకుపోయారా? కాచి ఇచ్చారా? మొదటి వాంతికీ బండి కట్టడానికీ మధ్య ఎంతసేపు పట్టింది? బండిలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు కొంచెం కొంచెం పట్టారా? అవి తెలిస్తే నా మనసు కొంత కుదుటపడుతుంది.

వివరంగా రాయి. నీ ఉత్తరం కోసం చూస్తుంటాను.

హేబ్సిబా

చిమ్కోడ్
2 మే 1973

చెల్లెకు,

ఉత్తరం అందింది. ఎప్పటిలాగే మీ వదినకు చదివి వినిపించాను.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. నీళ్ల లారీ ఒకరోజు వస్తే ఒకరోజు రావడం లేదు. భీమవ్వ ఎద్దు ఒకటి కూలబడి మళ్లీ లేవలేదు. రేషన్‌లో ఎర్ర జొన్నలు ఇస్తున్నారు, రొట్టె చేస్తే విరిగిపోతోంది.

నువ్వు అడిగిన వాటికి మరోసారి రాస్తాను. ఆరోగ్యం చూసుకో.

అహరోను

రాయచూరు
10 జూలై 1973

అన్నకు,

మే నెలలో ఒక కార్డు ముక్క రాశావు. ఆ తర్వాత నేను రాసిన ఏ ఉత్తరానికీ జవాబు లేదు. వానలు పడ్డాయని పేపర్లో చూశాను. మీరు విత్తారో లేదో నాకు తెలియదు. సమాధికి రాలేదని కోపం ఉంటే తిట్టు. నాకు తిట్లు కొత్తా ఏమిటి, ఇంకొకటి కలుస్తుంది. ఇలా గోడలాగా ఉండకు.

మొన్న చిన్నాయన కొడుకు ఫిలిప్పు లారీ మీద రాయచూరు వచ్చాడు. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి చెప్పాడు. నువ్వు చర్చిలో పాడడం మానేశావట. ఇప్పుడు కీర్తనలు వాడే ఎత్తుతున్నాడట. వదిన చర్చికే రావడం లేదట, ఎవరితోనూ మాట్లాడదట, పొద్దంతా భీమవ్వ ఇంట్లో కూచుంటుందట. "వదినె దేవునికి దూరమైతాంది, అన్న ఏమీ అంటలేడు" అన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు, అవి రాయను.

మన నాయన పోయేదాకా పాడాడు. ఆయన చేతి కింద నేర్చుకున్న పాటను నువ్వు ఎట్లా వదిలేశావు? బిడ్డను పోగొట్టుకున్నది నువ్వొక్కడివే కాదు. ఈ ఏడాది నేను ఎంతమంది పిల్లల కళ్లు మూశానో. అయినా తెల్లారితే లేచి తల దువ్వుకుని వార్డుకు పోతున్నాను. వదినను ఆ ఇంటి నుంచి తీసుకురా. కూచోబెట్టి మాట్లాడు. మాట్లాడకపోతే మనిషి లోపల కుళ్లిపోతాడు. నేను చూశాను.

బాధతో
హేబ్సిబా

చిమ్కోడ్
22 జూలై 1973

హేబ్సిబా,

నీ మీద కోపం లేదు. ఉందనుకున్నావు కాబట్టి ఇక రాయక తప్పదు. రాస్తే నీకు దెబ్బ తగులుతుందని ఇన్నాళ్లూ ఆగాను.

సమాధి నుంచి వచ్చాక మీ వదిన గడప దగ్గరే కూలబడింది. నా ముఖంలోకి చూసి, "గది నీ బిడ్డనా, ఊరోళ్ల బిడ్డనా? గట్లెట్ల పాడినవయ్యా? గొంతు వణకనే లేదు" అంది. ఆ కీర్తన నా నోటికి అలవాటు. ఎన్ని సమాధి గుంటల ముందు పాడానో. లోపల ఏమున్నా పైకి అదే వస్తుంది. అందరికీ నిబ్బరంగా కనిపించింది. మీ వదినకు మాత్రం నేను బిడ్డకు రెండోసారి మన్ను వేసినట్టు కనిపించింది. ఆ ఆదివారం పెట్టె ముందు కూచున్నాను, కీర్తన ఎత్తకుండానే లేచాను. పాటలో మాటలన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటీ నాది కాదు.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఉత్తరం వస్తే నేను పైకి చదవడం, మీ వదిన పని చేసుకుంటూ వినడం నీకు తెలుసు. తను జొన్నలు చెరుగుతోంది. ముందున్నది నేను చూసుకోలేదు. "కాచి ఇచ్చారా" అనే మాట నా నోట్లోంచి వచ్చేశాకే నాకు అర్థమైంది. చేట కింద పెట్టింది. "ఏం రాసిందో మల్ల సదువు" అంది. చదవలేదు. "నేనే ముంచి తాపిచ్చిన అని రాయి నీ చెల్లెకు" అంది.

జరిగింది ఇది. ఇంటి నుంచి తీసుకుపోయిన నీళ్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. కాచినవే, పొయ్యిలోకి చితుకులు దొరకని రోజుల్లో కూడా నువ్వు రాశావని కాచింది. లీయా దాహమని ఏడ్చింది. లారీ రాలేదు. అందరూ గుంటలో నీళ్లే తాగుతున్నారు. మీ వదిన కొంగు మడిచి వడగట్టి, తన దోసిలితో తాగించింది.

ఆ మాట చెప్పి లేచి, కుండలో ఉన్న నీళ్లన్నీ వాకిట్లో పారబోసింది. అదే చివరి మాట. అప్పటి నుంచి నాతో గాని, ఎవరితో గాని ఒక్క ముక్క మాట్లాడలేదు. వండుతుంది, పెడుతుంది, చేనుకు వస్తుంది. విత్తనాలు కూడా నాతో కలిసే వేసింది.

పాస్టరయ్య బీదర్ నుంచి వచ్చి ఓదార్చాడు. జయానందం మామ వచ్చి వాక్యం చెప్పాడు. సంఘం ఆడవాళ్లు వచ్చి, ఎట్లయింది, ఏమయింది అని అడిగారు. వాళ్లు అడిగిన ప్రతిసారీ ఆ గుంట దగ్గరికి మళ్లీ పోయినట్టు తన ముఖం అవుతుంది. భీమవ్వ ఒక్కతే ఏమీ అడగదు. ఎదిగిన కొడుకు మల్లప్పను బావిలో పోగొట్టుకున్న మనిషి. అందుకే అక్కడ పోయి కూచుంటుంది. దేవుడి సంగతి అందులో లేదు. ఫిలిప్పు మళ్లీ అటు వస్తే ఆ ముక్క చెప్పు.

అహరోను

రాయచూరు
1 ఆగస్టు 1973

అన్నా,

నీ ఉత్తరం మెట్ల మీద కూచుని చదివాను.

ఆ ప్రశ్నలు నేను ప్రతి తల్లినీ అడుగుతాను. బిడ్డను మంచం మీద వేయగానే అడిగేవి అవే. ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు, ఏ నీళ్లు. కాగితం మీద రాసుకోవాలి కదా. వాళ్లు తల వంచుకుని చెబుతారు. ఆ తల ఎందుకు వంగుతుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. మన ఇంటికి రాసేటప్పుడు కూడా నా చెయ్యి అదే రాసింది. వదినను తప్పుపట్టాలని కాదు అన్నా, ఆ బండిలో నేను ఉండి ఉంటే ఏమైనా చేయగలిగేదాన్నా అని తెలుసుకోవాలని.

దీనితో పాటు వదినకు వేరే ఉత్తరం పెట్టాను. పొడుగ్గా ఉంది. అందులో అంతా రాశాను. ఆ నీళ్లు తాగిన వాళ్లలో బతికినవాళ్లూ ఉన్నారని, కాచిన నీళ్లు తాగి పోయినవాళ్లూ ఉన్నారని, ఎవరి తప్పూ కాదని. మెల్లగా, నిదానంగా చదివి వినిపించు. మధ్యలో ఆపకు. విన్నాక ఏమందో రాయి.

హేబ్సిబా

చిమ్కోడ్
3 సెప్టెంబరు 1973

చెల్లె హేబ్సిబాకు,

అన్న ఆశీస్సులు. వాన బాగా పడింది. జొన్న మోకాలి పైకి వచ్చింది. మొన్నటి కరువులో దాని కోసం చచ్చిన వాళ్లెవరూ దాన్ని చూడడం లేదు.

నీ ఉత్తరం మీ వదినకు చదవలేదు. చదవను. నేను ఒక్కడినే చదువుకున్నాను. బాగా రాశావు, ప్రతి మాటా నిజమే. కానీ తప్పు లేదు అని చెప్పాలంటే ముందు తప్పు అనే మాట నోట్లోకి రావాలి. ఆ మాట మళ్లీ ఆ చెవిన వేయలేను.

ఇప్పుడు రాసేది ఎట్లా రాయాలో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోయిన వారం మధ్యాహ్నం చేను నుంచి గడ్డిమోపుతో వస్తున్నాను. భీమవ్వ ఇంట్లో విసుర్రాయి తిరుగుతోంది. విసురుతూ పాడడం ఆమెకు అలవాటు, నీకు గుర్తుండే ఉంటుంది. అత్త పోరు, మరిది ఎకసెక్కం, ఏదో ఒకటి పాడుతూనే ఉండేది. మన ఇంట్లో బిడ్డ పోయినప్పటి నుంచి ఆ పాటల్లో మాటలు తీసేసింది. ఉత్త రాగమే తీస్తుంది. మీ వదిన ఎదురుగా కూచుని పిడికి ఇంకో చెయ్యి వేస్తుంది. రోజూ ఇంతే.

ఆ రోజు రాగం రెండు గొంతుల్లో వినిపించింది. గోడ పక్కన నిలబడిపోయాను. మీ వదిన గొంతు అది. మొదట భీమవ్వ వెనకాలే పోయింది. తర్వాత విడిపోయింది. కిందికి, ఇంకా కిందికి పోయింది, ఆడమనిషి గొంతు అంత కిందికి పోతుందని నేను ఎరగను. అక్కడ చాలాసేపు ఉంది. తర్వాత ఒక్కసారి పైకి లేచి, అక్కడ చీలింది. చీలినా ఆగలేదు. భీమవ్వ తన రాగం ఆపేసి రాయి మాత్రం తిప్పుతోంది. గింజలు అయిపోయాయి. రాయి మీద రాయి తిరుగుతోంది. ఎవరూ ఆపలేదు.

ఇన్నేళ్లు పాటలు ఎత్తిన వాణ్ణి. దాన్ని పాట అనాలో ఏడుపు అనాలో తెలియదు. కాని మీ వదిన ఏప్రిల్ నుంచి నాకు చెప్పనిదంతా చెప్పింది. అందులో ఒక్క మాట లేదు. నాకు తర్వాత ఆలోచన వచ్చింది. కాచావా అని అడిగితే అవుననో కాదనో అనాలి. దేవుడు తీసుకున్నాడు అంటే ఒప్పుకోవాలో వద్దనాలో తేల్చుకోవాలి. మాట వస్తే దానితో పాటు తీర్పు వస్తుంది. ఆ రాగానికి అవును, కాదు రెండూ లేవు. బిడ్డ మీది ప్రేమ, ఆ దోసిలి, నా మీది కోపం, నీ మీది కోపం, అన్నీ ఒకే ఊపిరిలో పోతున్నాయి. ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయడం లేదు.

గడ్డిమోపు ఎప్పుడు కిందపడిందో తెలియదు. గోడకు తల ఆనించి ఏడ్చాను. లీయా పోయాక అదే మొదటిసారి.

మరునాడు పెట్టె ఎత్తుకుని భీమవ్వ వాకిట్లోకి పోయాను. మీ వదిన చూసింది. వెళ్లిపొమ్మని చెయ్యి ఊపలేదు. రాగం లేచాక కింద ఒకే ఒక్క మీట నొక్కి పట్టుకున్నాను. ఇంకేమీ వాయించలేదు. తను ఎటు పోయినా ఆ స్వరం కింద ఉంది. భీమవ్వ, "గట్లనే పట్టుకో కొడుకా, ఇడువకు" అంది.

ఇప్పుడూ మాట్లాడదు. అయినా రొట్టె పెట్టేటప్పుడు నా ముఖం చూస్తోంది.

నీకు సెలవు దొరికితే రా. వచ్చినాక మాత్రం క్షమించు, గిమించు అని మొదలుపెట్టకు.

మీ అన్న
అహరోను

రాయచూరు
21 అక్టోబరు 1973

అన్నా,

క్షేమంగా చేరాను. బస్సు గుల్బర్గాలో చెడిపోయి పొద్దున చేరవలసింది సాయంత్రం చేరింది.

నేను వచ్చిన రోజు నువ్వు పనిమీద చింతకి పోయి ఉన్నావు కాబట్టి ఆ పూట జరిగింది నీకు తెలియదు. వదిన చెప్పి ఉండదు.

దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చాను. నువ్వు వద్దన్నా సరే, చెప్పే తీరాలి అనుకున్నాను. గడప దగ్గరికి వచ్చి "వదినా" అన్నాను. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నోట్లో పోసుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. కాచిన నీళ్లు అన్నా. వానలు పడి బావి నిండినా, ఆ ఇంట్లో ఇప్పుడు తాగేవాళ్లలో పిల్లలెవరూ లేకపోయినా, కాస్తూనే ఉంది. నేను కూర్చుకున్న మాటలన్నీ ఆ చెంబులో పడిపోయాయి. మొత్తం తాగేసి చెంబు ఇచ్చాను.

చెయ్యి పట్టుకుని భీమవ్వ ఇంటికి తీసుకుపోయింది. విసుర్రాయి దగ్గర కూచోబెట్టింది. పిడి పట్టుకున్నాను. వదిన రాగం తీసింది. నువ్వు రాసినప్పుడు నాకు అర్థం కాలేదు, కొంచెం చిరాకు కూడా పడ్డాను, మా వార్డులో మనుషులు చస్తుంటే వీళ్లు రాగాలు తీస్తున్నారని. అక్కడ కూచున్నాక చిరాకు ఎటు పోయిందో. నేనూ గొంతు కలపబోయాను. రాలేదు. ఆసుపత్రిలో మేం ఏడవకూడదు. నిన్న పోయిన పిల్ల మంచం మీద ఇవాళ ఇంకో పిల్ల ఉంటుంది. ఏడవకుండా ఏడవకుండా నా గొంతు ఎండిపోయింది. వదిన అది చూసింది. పాడుతూనే తన చెయ్యి తెచ్చి పిడి మీద నా చేతిని మూసింది. నేను మందు పంపిన ఆ అరచెయ్యి ఇంకా గరుకుగానే ఉంది. అప్పుడు నాలోంచి ఒక కూత లాంటిది వచ్చింది. వికారంగా ఉంది. భీమవ్వ కదల్లేదు. అట్లాగే కూచుని లీయాను, ఇంకా పేర్లు తెలియని పిల్లలందరినీ ఏడ్చాను.

అయినా నాకు ఒక్క సందేహం మిగిలింది. బస్సు ఎక్కేటప్పుడు వదిన నా తల నిమిరింది, మాట్లాడలేదు. నన్ను మన్నించిందా? నువ్వు ఒకసారి అడిగి రాయి. ఒక్క ముక్క చాలు.

నీ చెల్లె
హేబ్సిబా

చిమ్కోడ్
2 జనవరి 1974

చెల్లె హేబ్సిబాకు,

కొత్త సంవత్సరపు దీవెనలు. మనది ఇప్పుడు కర్ణాటక. బస్సుల మీద మైసూరు అనే మాట చెరిపి కొత్త పేరు రాస్తున్నారు. పాత అక్షరాలు రంగు కింద నుంచి ఇంకా కనబడుతున్నాయి.

మన్నించిందా అని నేను అడగలేదు. అడిగితే అవుననో కాదనో అనాలి. ఏది అన్నా నువ్వు దాన్ని జీవితమంతా మోస్తావు. నీ తల నిమిరింది కదా, దాన్నే ఉంచుకో.

మొన్న ఆదివారం సంవత్సరాంతపు ఆరాధన జరిగింది. ఏడాదిలో పోయిన వాళ్ల పేర్లు చదువుతారు కదా. ఎప్పుడూ రెండో మూడో ఉండేవి. ఈసారి జయానందం మామ చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆయన కోడలు ఎలీసబెతు పేరు కూడా అందులో ఉంది. ఆ పేరును కూడా మిగతా వాటిలాగే చదివాడు. మీ వదిన ఆ రోజు తనంతట తానే లేచి ముసుగు వేసుకుని నాతో వచ్చింది. ఆడవాళ్ల వైపు చివర కూచుంది. ఫిలిప్పుకు గొంతు పట్టేసిందని మామ నన్ను పిలిచి, నిరీక్షణ కీర్తన ఎత్తమన్నాడు.

పెట్టె ముందు కూచున్నాను. వరస వాయించాను. మాటలు ఎత్తలేదు. రెండోసారి వాయించాను. మామ తల ఊపుతున్నాడు, ఎత్తు, ఎత్తు అని. చేతులు వాటంతటవే ఆగిపోయి ఒక్క మీట మీద నిలిచాయి. అప్పుడు వెనక నుంచి మీ వదిన రాగం లేచింది.

"ఆపుండ్రి!" అన్నాడు మామ. "దేవుని ఇంట్ల గిదేం ఏడుపు?" నేను మీట వదల్లేదు. ఒక మూల నుంచి ఇంకొక గొంతు కలిసింది. తర్వాత ఇంకొకటి. ఈ కరువులో ఎవరి ఇల్లు మిగిలింది? ఎవరి రాగం వాళ్లదే, ఒకటి ఇంకొకదానితో కుదరలేదు, అయినా అన్నీ కలిసి కప్పు దాకా లేచాయి. మగవాళ్లు తలలు వంచుకున్నారు. జయానందం మామ కాగితం చేతిలో పట్టుకుని బయటికి నడిచాడు. కిటికీలోంచి చూశాను. గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాకు ఆయన మీద ఉన్న కోపం అక్కడితో పోయింది.

ఆయనకు మాత్రం నా మీద పోలేదు. మరునాడు కమిటీ కూచుంది. చర్చి పెట్టెను భీమవ్వ లాంటి అన్యుల వాకిట్లో వాయించానని, ఆరాధన చెడగొట్టానని తీర్మానం చేశారు. సాయంత్రం ఇద్దరు వచ్చి పెట్టెను ఫిలిప్పు ఇంటికి తీసుకుపోయారు. కీర్తనలు ఎత్తే పని ఇక నాది కాదు. నాయన నుంచి వచ్చినది నాతో తెగిపోయింది. నువ్వు బాధపడతావని తెలుసు. నేనూ పడ్డాను. పెట్టె ఉండే మూల వైపు చూడకుండా కూచున్నాను.

మీ వదిన రొట్టెలు చేస్తోంది. చివరి రొట్టె పెనం మీది నుంచి తీసి, లేచి గడప దగ్గరికి పోయింది. వీధి వైపు తిరిగి, "లీయా, రా బిడ్డా, తిందువు" అని పిలిచింది. ఎప్పుడూ పిలిచే గొంతే. ఏప్రిల్ తర్వాత మన ఇంట్లో ఆ పేరు వినిపించడం అదే మొదలు. వీధిలో ఎవరూ లేరు. గడప పట్టుకుని తను అట్లాగే నిలబడింది. పిలుపు ఎటు పోయిందో అటే చూస్తూ ఉంది.

తర్వాత లోపలికి వచ్చి ఇద్దరికి వడ్డించింది. తిన్నాం.

మీ అన్న
అహరోను